మునిగిన రేవుకి దారి

ఆట పూర్తి కాకముందే దానికి భక్తులు పుట్టుకొచ్చారు. గుడివాడలో ట్రాక్టరు సామాన్ల కొట్టు పైన, ఒక ఏసీ పనిచేసి ఒకటి పనిచేయని రెండు గదుల్లో, శామ్యూల్ రాజ్ అనే కుర్రాడు మరి కొందరిని పోగేసుకుని తయారుచేస్తున్న ఆన్‌లైన్ ఆట అది. పేరు ‘మునిగిన రేవు’. ఎవరి ఇంట్లో వాళ్ళు ఫోను పట్టుకుని కూర్చుని, ఒకడు బెస్తవాడిగా, ఇంకొకడు ఓడ వడ్రంగిగా, మరొకతె గాలిని మూటగట్టే మంత్రగత్తెగా వేషాలు కట్టి, అందరూ ఒకే సముద్రం మీద తిరుగుతూ, ఎప్పుడో నీటి పాలైన ఒక మహాపట్నాన్ని వెతకాలి. ఆట అంతే.

శామ్యూల్‌కి మొదట్లో బొమ్మల మీదే నమ్మకం. అల నిజం అలలా ఉండాలి, కత్తి దూస్తే తళుక్కుమనాలి, అప్పుడు జనం వాళ్ళంతట వాళ్ళే ఎగబడతారు అనుకున్నాడు. నెలల తరబడి కళ్ళు కాయలు కాచేలా కూర్చుని ఒక అల తయారుచేసి లోకం మీదికి వదిలాడు. చూసినవాళ్ళు “బాగుంది” అని పక్కకి పోయారు. ఆ వ్యాపారంలో ‘బాగుంది’ని మించిన తిట్టు లేదు.

అప్పుడు చేరింది తేజస్విని. గుడ్లవల్లేరు కాలేజీలో అతని జూనియరు. చదివింది కంప్యూటర్లే గానీ ఆ అమ్మాయికి నిజంగా వచ్చిన విద్య కబుర్లు చెప్పడం. చేరిన రోజే ఆ అలని అటూ ఇటూ తిప్పి చూసి, “అన్నా, నీ అలకి వంక పెట్టడానికేం లేదు. దాని కింద ఎవరు మునిగిపోయారో మాత్రం చెప్పలేదు నువ్వు” అంది.

ఆట వెనక ఉండే ఇలాంటి కథని శామ్యూల్ లోర్ అంటాడు. తేజస్విని పూర్వకథ అంటుంది. పేరేదైనా, ప్రతి శుక్రవారం ఆట తాలూకు గ్రూపులో ఒక చిన్న కథ పెట్టడం మొదలుపెట్టింది. గాలి మీద పన్ను వేసిన రాజు కథ. ఆ పన్ను కట్టలేక తెరచాపలు తగలబెట్టుకున్న నావికుల కథ. పట్నం మునిగే రోజున మేడ దిగి రానన్న రాణి కథ. ఏ కథా పూర్తిగా చెప్పేది కాదు. రాణి మేడ మీదే ఉండిపోయింది అని ఆపేసేది. ఇక చూడండి, రాణి చచ్చిపోయిందని ఒకడు, చేపయిందని ఒకడు, అసలు మునగమని సముద్రాన్ని పిలిచిందే ఆవిడని ఇంకొకడు. దుబాయిలో క్రేను నడిపే ఒక పెద్దాయన రాణి తరపున వకాల్తా పుచ్చుకుని పేజీలకు పేజీలు వాదించేవాడు. ఆట ఇంకా ఎవరి చేతికీ రాలేదు. వీళ్ళు మాత్రం అందులో తాతముత్తాతల కాలం నుంచీ కాపురం ఉంటున్నట్టే పోట్లాడుకునేవాళ్ళు. శామ్యూల్ ఆ గ్రూపు నిండిపోవడం చూసి, “నా అలని ఎవడూ తలుచుకోడేంటి” అని ఒక పూట అలిగి, మరో పూటకి మామూలైపోయాడు.

కానీ తోడుతూ పోతే ఎంత లోతు నూతికైనా అడుగు కనిపిస్తుంది. ఆట విడుదల దగ్గర పడేసరికి తేజస్విని దగ్గర కథలు అయిపోయాయి.

“చివరిది పెద్దగా పేలాలి తేజూ. రేవుకి దారి చెప్పాలి. చెప్పీచెప్పనట్టు చెప్పాలి” అన్నాడు శామ్యూల్. చెప్పీచెప్పనట్టు చెప్పడమంటే చారులో చిటికెడు ఉప్పు వేయడం అనుకున్నాడు మహానుభావుడు. తేజస్విని గోళ్ళు కొరుక్కుంది. రాసింది కొట్టేసింది. ఆ శుక్రవారం పొద్దున, ఇక ఏమీ తోచక, వాళ్ళ నాన్న పాట తీసింది.

ఆమెది దివిసీమ. కోడూరు దాటి, రోడ్డు ఉప్పుమట్టిలోకి దిగిపోయే చోట చినతిప్ప అనే ఊరు. తండ్రి దుర్గారావుది సముద్రం మీద చేపల వేట. తల్లి చిన్నప్పుడే పోతే నాయనమ్మ పాపాయమ్మ చేతుల్లో పెరిగింది. దుర్గారావు మాటకారి కాదు. ఒడ్డున కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటున్నప్పుడు మాత్రం, పక్కన కూతురు తప్ప ఎవరూ లేకపోతే, గొంతు తగ్గించి పాడేవాడు.

జంట తాళ్ళు ఒక్క తాడై కనపడే దాకా పోరా
సిలువ మీద దీపమెక్కి కూసునే దాకా పోరా
నీళ్ళ కింద ఓడ ఉంది, ఓడ నిండా చేప ఉంది
నోరు మూసి వలను దించి మాట లేకుండా రారా

వినడానికి జోలపాటలా ఉంటుంది గానీ అది చిరునామా. ఒడ్డున రెండు తాడిచెట్లు ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి చేరి ఒకే చెట్టులా కనపడే వరస మీదికి బోటు రావాలి. చర్చి మీది సిలువ, దాని వెనకాల లైట్‌హౌసు, ఇవి రెండూ కూడా ఒకదాని నెత్తిన ఒకటి నిలబడాలి. రెండు వరసలూ ఎక్కడ కలుస్తాయో అక్కడ, నీటి అడుగున, ఎవరి కాలంలోదో ఒక ఓడ విరిగి పడి ఉంది. చుట్టుపక్కల అడుగంతా ఉత్త బురద. చేపకి గూడు కావాలంటే ఆ ఓడే దిక్కు. ఆ చోటు కనిపెట్టింది దుర్గారావు తాత. తాత చెబితే తండ్రికి, తండ్రి చెబితే దుర్గారావుకి తెలిసింది. నాలుగో మనిషికి తెలియదు.

ఇప్పుడు అందరి బోట్లలోనూ జీపీఎస్ ఉంది. దుర్గారావు బోటులోనూ ఉంది. అయినా ఆ చోటుని అందులో ఎక్కించలేదు. మిషన్లో పెడితే బోటు ఎక్కిన ప్రతివాడూ చూస్తాడు. కూడా వేటకొచ్చే నతానియేలు సైతం, ఆ దరిదాపులకి రాగానే తల వంచుకుని వల సర్దుకుంటాడే గానీ ఒడ్డు వంక చూడడు. గురుతులు చూడటం బోటు గలవాడి హక్కు. కూలికి వచ్చినవాడు చూడకపోవడం మర్యాద. ఆ తీరాన ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరికీ తెలుసు.

తేజస్వినికీ తెలుసు. తెలిసే రాసింది. అయితే ఉన్నదున్నట్టు రాసేంత వెర్రిబాగులది కాదు. తాడిచెట్లని జంట భటులు చేసింది. సిలువని చేతులు చాచిన తెల్లనివాడు చేసింది. లైట్‌హౌసుని రెప్ప కొట్టే ఒంటికన్ను రాక్షసుడు చేసింది. ‘భటులిద్దరూ ఒక్కడైన దారిన రా, తెల్లనివాడి నెత్తిన ఒంటికన్ను ఎక్కేదాకా రా, రాణి నీకోసం మేడ మీద ఉంది’ అని రాసి పెట్టేసింది. కన్నతండ్రి చదివినా పోల్చుకోలేడనుకుంది.

గ్రూపు గ్రూపంతా ఊగిపోయింది. దుబాయి పెద్దాయన పనికి సెలవు పెట్టానన్నాడు. శామ్యూల్ అందరికీ సమోసాలు తెప్పించాడు.

సోమవారం నాడు బందరు నుంచి నిస్సీ అనే అమ్మాయి ఒక బొమ్మ పెట్టింది. నిస్సీ డిగ్రీ చదువుతోంది, గ్రూపులో అందరికంటే చురుకైనది. ‘రెప్ప కొట్టే ఒంటికన్ను అంటే లైట్‌హౌసు కాక ఇంకేంటండీ? చేతులు చాచిన తెల్లనివాడు మా అమ్మమ్మగారి ఊరి చర్చి మీద సిలువ. ప్రతి క్రిస్మస్‌కీ నేను దాని కిందే పాటలు పాడతాను. అక్కడి ఒడ్డున జంట భటుల్లా రెండు తాళ్ళు కూడా ఉన్నాయి. రాసినావిడ ఎవరో గానీ మా దివిసీమ మనిషే’ అని రాసి, ఫోన్లో మ్యాపు తెరిచి, తాడి నుంచి తాడికి ఒక గీత, లైట్‌హౌసు నుంచి సిలువకి ఒక గీత గీసి, రెండూ సముద్రంలోకి లాగింది. కలిసిన చోట ఎర్ర చుక్క పెట్టింది. పాపం, ఆ పిల్ల చేసిందాంట్లో తప్పేమీ లేదు. కథ రాసినవాళ్ళకి దండ వేస్తున్నాననుకుంది.

“చూశావా తేజూ! మన కథకి నిజం సముద్రంలో చోటు దొరికింది” అని శామ్యూల్ కుర్చీలోంచి లేచాడు. తేజస్విని లేవలేదు. ఆమె మొహం చూసి, “ఏమైంది” అని అడిగాడు. చెప్పింది. అతను మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు.

నిస్సీకి ఫోన్ చేసి బతిమాలితే, సంగతి వినగానే ఆ పిల్ల బెంబేలెత్తిపోయి బొమ్మ తీసేసింది. “అక్కా, నాకు తెలీదక్కా” అని ఏడ్చినంత పని చేసింది. తేజస్విని తన కథ కూడా తీసేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అదంతా. అప్పటికే ఆ బొమ్మ కోడూరు కుర్రాళ్ళ ఫోన్లలోకి, అక్కడి నుంచి చినతిప్ప వాట్సాప్ గ్రూపులోకి నడిచి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం అన్నాల వేళకి మాణిక్యం ఫోన్ చేశాడు. మాణిక్యం దుర్గారావుకి పినతండ్రి కొడుకు, మూడు బోట్లున్నవాడు. దుర్గారావు ఆ చేప ఎక్కడ పడుతున్నాడో కనిపెట్టాలని పడుచుతనం నుంచీ పడరాని పాట్లు పడుతున్నవాడు.

“ఏంటమ్మాయ్, ఏదో ఆట చేస్తున్నారంటగా. కథ చాలా బాగుందంట. మా బాగా రాశావంట” అన్నాడు తేనె పూసిన గొంతుతో. అంతకుముందు ఆయన ఆమెకి ఫోన్ చేసిన పాపాన పోలేదు.

అది వేట నిషేధం ముగిసే సమయం. గుడ్లు పెట్టే కాలమని వేసవిలో ప్రభుత్వం వేట ఆపుతుంది. నిషేధం ఎత్తేసిన మొదటి పొద్దున పడే వేటే ఏడాదికంతటికీ పెద్దది. అది ఎల్లుండే. తాతల నాటి చోటు మీద ఊళ్ళో బోట్లన్నీ వాలితే రెండు రోజుల్లో ఊడ్చేస్తాయి. వలలు ఓడకి చిక్కుకుని చిరుగుతాయి, చేప చెదిరిపోతుంది, ఆ తరువాత అది అందరి చోటు, అంటే ఎవరికీ పనికిరాని చోటు. నాన్న పొద్దున్నే ఎటు వెళ్ళాలి? మర్నాడు ఉదయమే శామ్యూల్ బండి తీశాడు. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి దాటి, అవనిగడ్డ దాటి, కోడూరు మీదుగా ఊరు చేరారు.

చినతిప్పలో ఒడ్డంతా పెళ్ళివారిల్లులా ఉంది. బోట్లకి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, ముక్కున నిమ్మకాయలు కట్టారు. దుర్గారావు ఇంజను విప్పి నూనె చేతులతో కూర్చుని ఉన్నాడు. కూతుర్ని చూసి మొహం విప్పార్చుకున్నాడు.

“పనికి సెలవా అమ్మా? రండి బాబూ, కూర్చోండి” అని శామ్యూల్‌కి తిరగేసిన డబ్బా చూపించాడు.

కూర్చోలేదెవరూ. తేజస్విని మొదలుపెట్టి, చివరి దాకా చెప్పేసింది. కథలు రాసే పిల్ల అయినా ఈ ఒక్క కథా చాలా అధ్వాన్నంగా చెప్పింది. ముందుది వెనక, వెనకది ముందు. మధ్యలో శామ్యూల్, “తప్పు నాదండీ బాబాయిగారూ, నేనే తొందరపెట్టాను” అన్నాడు. దుర్గారావు అతనికేసి చూడలేదు.

“ఏ పాట?” అన్నాడు.

“నువ్వు పాడేదే నాన్నా.”

“ఏదీ, పాడు.”

పాడింది. మొదటి వరస విన్నాడు. రెండో వరస దగ్గర అతని చెయ్యి ఆగింది.

“ఆ రెండోది మళ్ళీ పాడు.”

“సిలువ మీద దీపమెక్కి కూసునే దాకా పోరా.”

దుర్గారావు ఆమెను చాలాసేపు చూశాడు. ఏదో అనబోయాడు. అంతలో అవతలి బోటు దగ్గర మాణిక్యం పనేమీ లేకుండా నిలబడి ఇటే చూస్తున్నాడని గమనించి, మళ్ళీ ఇంజను మీదికి వంగాడు. “సరే. ఎవరితోనూ ఏమీ అనమాక. ఇంటికెళ్ళి అన్నం తినండి” అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండును. చెయ్యి చేసుకున్నా బాగుండును. ఆ ‘సరే’ని తేజస్విని రోజంతా మోసింది. శామ్యూల్ సాయంత్రం గుడివాడ వెళ్ళిపోయాడు. ఆమె ఉండిపోయింది. పాపాయమ్మ పక్కన పడుకుని, నిద్ర పోకుండా, నాన్నకి కొడుకు లేడు, ఆ చోటు మీద నాన్న తరవాత ఎవరికీ హక్కు లేదు, ఉన్నన్నాళ్ళైనా నాన్నకి లేకుండా చేశాను అనుకుంటూ దొర్లింది. “ఏంటే ఆ మెసలడం, దోమలా?” అంది ముసలామె. దోమలేనంది.

తెల్లవారుతుండగా బోట్లు బయల్దేరాయి. కొబ్బరికాయలు కొట్టి, గంగమ్మకి దణ్ణం పెట్టుకుని, ఒకదాని వెంట ఒకటి నీళ్ళలోకి దిగాయి. మాణిక్యం బోట్లు మూడూ ముందు. వాటి ముక్కులు నేరుగా ఆ వైపే. తక్కినవాళ్ళు కూడా, ఏమీ తెలియనట్టు మొహాలు పెట్టి, ఆ వైపే. ఒడ్డున నిలబడ్డ తేజస్విని కళ్ళ ముందు నిస్సీ గీసిన గీత సముద్రం మీద నిజంగా పడింది. దుర్గారావు అందరూ వెళ్ళేదాకా ఆగి, తాపీగా బీడీ కాల్చుకుని, ఆఖర్న ఇంజను తిప్పాడు. అతని బోటు వేరే దిక్కుకి పోయింది. చోటు వదిలేసుకున్నాడు అనుకుంది కూతురు. అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చింది.

పొద్దెక్కాక ముందుగా మాణిక్యం బోట్లు తిరిగొచ్చాయి. తేలిగ్గా, ఊగుతూ వచ్చాయి. బరువున్న బోటు అలా ఊగదు. తేజస్విని లేచి నిలబడింది. కుర్రాళ్ళు వలలు ఒడ్డుకి ఈడ్చారు. వలల నిండా నల్లటి బురద, నత్తగుల్లలు, ఎవరిదో తెగిపోయిన చెప్పు. రెండోసారి వేస్తే రెండోసారీ బురదే వచ్చిందట. ఆ వెనకాలే మిగతావాళ్ళూ అదే సరుకుతో దిగారు. ఎవరూ ఎవరినీ ఎక్కడికి పోయావని అడగలేదు. అడిగితే తనూ చెప్పాలి. దొంగకి తేలు కుట్టినట్టు ఊరంతా నోళ్ళు మూసుకుని వలలు కడుక్కుంటోంది.

మాణిక్యం మోకాళ్ళ దాకా బురదతో ఆమె దగ్గరికి వచ్చాడు.

“అమ్మాయ్, ఆ కథలో ఏదో పొరపాటు ఉన్నట్టుందే.”

“కథే కదా బాబాయ్” అంది తేజస్విని.

తరవాత వచ్చింది దుర్గారావు బోటు. అంచుల దాకా నీళ్ళలో కూరుకుని, బద్ధకంగా వచ్చింది. పండుగప్పలు, చందువలు, ఒకదాని మీద ఒకటి. నతానియేలు మొహం చాటంత చేసుకుని, “దేవుడు చల్లగా చూశాడమ్మా” అన్నాడు. కూతురు నీళ్ళలోకి పరిగెత్తింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు, చీరెలు ఎత్తిపట్టుకుని తట్టలతో వచ్చిన ఆడవాళ్ళంతా చూస్తున్నారని కూడా తోచలేదు.

చేప తూకాలకి వెళ్ళాక, ఇంటి ముందు నీడలో, దుర్గారావు కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. పాపాయమ్మ మనవరాలికి పండుగప్ప తలకాయ పులుసు కోసం చింతపండు పిసుకుతోంది.

“ఓడ దగ్గరికే వెళ్ళావు కదా నాన్నా?”

“అక్కడికే.”

“మరి వాళ్ళకి బురదేంటి?”

దుర్గారావు తువ్వాలుతో కాళ్ళు తుడుచుకున్నాడు, తుడిచిందే తుడిచాడు. తల్లి వంక చూశాడు. ఆమె సాయం రాలేదు.

“పాటలో ఒక గురుతు మార్చి చెప్పానమ్మా నీకు” అన్నాడు చివరికి. “సిలువ కాదు అది. మా నాన్న మా అక్కలకీ అట్టాగే చెప్పాడు. ఆడపిల్ల రేపు ఇంకో ఇంటికి పోద్ది. ఆ ఇంటోళ్ళకీ బోట్లుంటాయి. పాట వాళ్ళ చెవినపడకుండా ఉండదు గదా. అని అందరం ఇంతే. నిన్న నువ్వొచ్చి పాడినప్పుడే చెబుదామనుకున్నా. నోరు రాలేదు. పాట తప్పని చెబితే, తప్పు పాట ఎందుకు నేర్పానో కూడా చెప్పాలి.”

బతికిపోయాను అన్న సంతోషం ఇంకా ఒళ్ళంతా పారుతూనే ఉంది. దాని మధ్యలోంచి సన్నగా ఒక ముల్లు దిగింది. “అంటే నన్ను నమ్మలేదు” అంది తేజస్విని.

“నిన్నే కాదే, మా నాన్న నన్నూ నమ్మలేదు” అని పాపాయమ్మ అందుకుంది. “నాగాయలంక దగ్గర మా పుట్టింటోళ్ళకీ ఇట్టాంటిదే ఒక చోటుండేది. మా నాన్న నాకూ పాట నేర్పాడు. పెళ్ళయిన కొత్తలో, నాకేదో పెద్ద ఆస్తి ఉన్నట్టు, మురిసిపోతా మీ తాత చెవిలో పాడాను. పోయాడు. బురదతో వచ్చాడు. నెల్లాళ్ళు నాతో మాట్లాడలా.” నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చింతపండు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. “మా నాన్నని అడుగుదామనుకున్నా. ఇదుగో అదుగో అంటుండగానే ఉప్పెనొచ్చి నాన్నని, అన్నల్ని అందర్నీ పట్టుకుపోయింది. ఆ చోటేదో ఇక ఎవరికీ తెలీదు.”

తరవాత ముసలామె గిన్నె పక్కన పెట్టి, “ఒరే, చెప్పరా దానికి” అంది కొడుకుతో.

“వద్దు నాన్నా” అంది తేజస్విని గబుక్కున. “చెప్పిందే నిలబెట్టుకోలేకపోయాను. లోకానికంతా దండోరా వేశాను. ఇంత జరిగాక నాకు చెప్తావా?”

“ఇంత జరిగింది గనకే” అన్నాడు దుర్గారావు. “తప్పు చేసిందానివి గుడివాడలో దాక్కోలా. పరిగెత్తుకొచ్చి నా మొహం మీదే చెప్పావు. నీకు చెప్పక ఎవరికి చెప్పను? నాతోపాటు సముద్రంలో కలిపేసుకోనా దాన్ని?”

అంటూనే పాడాడు. గొంతు తగ్గించి, చుట్టూ చూసి, రెండో వరస అసలు మాటతో పాడాడు. ఆ మాట ఏమిటో ఇక్కడ రాయడం కుదరదు. మాణిక్యం కూడా చదువుకున్నవాడే.

విన్నది తేజస్విని ఒక్కతే కాదు. ఆ ఇంటికి కోడలై వచ్చి, ఆ చోటు చేపతోనే పిల్లల్ని పెంచి, ఆ పాట మొగుడి నోటా కొడుకు నోటా దూరం నుంచి వినీ, పాపాయమ్మ కూడా అసలు మాట వినడం అదే మొదలు. ఆమె మెడ తిప్పి ఆ గురుతు వంక చూసింది. అక్కడే ఉంది అది, ఆమె రోజూ చూస్తున్నదే.

“ఇదా?” అంది. “ఓరి మీ దుంపలు తెగ! ఇది అడ్డంగా ఉంది, తీయించెయ్యమని నేను ఏటా పోరుతుంటే మీ నాన్న నా మీద ఒంటికాలి మీద లేచేవాడు. ఎందుకో తెలీక ఎన్నిసార్లు అలిగి అన్నం మానేశానో. ఒక్క ముక్క చెబితే ఆయన సొమ్మేం పోయింది?”

దుర్గారావుకి నవ్వాగలేదు. తేజస్విని నాయనమ్మ భుజం మీద తల పెట్టి కడుపు పట్టుకుని నవ్వింది. ముసలామె తిడుతూనే, మధ్యమధ్య దాని వంక కొత్తగా చూసుకుంటూ, మళ్ళీ చింతపండు గిన్నె దగ్గరికి లాక్కుంది. ఆ ముల్లు ఎప్పుడు ఊడిపోయిందో తేజస్వినికి గుర్తు లేదు.

పులుసు పొయ్యి మీద ఉండగా శామ్యూల్ ఫోన్ చేశాడు. అక్కడ బురద తప్ప ఏమీ లేదని కోడూరు కుర్రాళ్ళెవరో గ్రూపులో పెట్టారట. ఇక అక్కడి నుంచి గ్రూపు పట్టపగ్గాల్లేకుండా ఉందట. రాణి దారి తప్పించడానికే కావాలని ఒక గురుతు మార్చి చెప్పిందని, మిగతావి నిజమేనని, మారినది ఏదో తేలేదాకా నిద్రపోమని ప్రతిజ్ఞలు చేస్తున్నారట. ఆట ఎప్పుడొస్తుందని ఒకటే గోల. దుబాయి పెద్దాయన రాణికి జేజేలు పలుకుతున్నాడట.

“ఇన్నాళ్ళూ మనం చెప్పినవాటికి ఇంత ఊగలేదు తేజూ” అన్నాడు శామ్యూల్. “బాబాయిగారు ఎలా ఉన్నారు? చోటు దక్కిందా?”

“దక్కిందన్నా. నాన్న బోటు నిండా చేప.”

అవతల అతను పెద్దగా ఊపిరి వదలడం వినిపించింది. “దేవా, నీకు స్తోత్రం. రాత్రి కన్ను మూయలేదు నేను.” మనిషి కదా, గొంతు తగ్గించి అడిగాడు. “అయితే ఒక గురుతు నిజంగానే తప్పన్నమాట. నాకొక్కడికే చెప్పు. అసలుదేంటి?”

దుర్గారావు తువ్వాలు దులుపుతున్నవాడల్లా ఆగాడు. పాపాయమ్మ గరిటె ఆపింది. తేజస్విని ఇద్దరినీ చూసింది.

“నాకేం తెలుసన్నా” అంది. “మా ఇళ్ళల్లో ఆడపిల్లలకి చెప్పరు.”